చెత్త బొంత

జూన్ 4

ఈ పుస్తకం ఆర్డర్లు రాసుకుందామని కొన్నాను. ఆర్డర్లన్నీ నాకు నోటికే ఉంటాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఖాళీగా పడి ఉంది. మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నారు. అందరూ అంటే ఇద్దరే: ఆయన లోపలి గదిలో, చిన్నది ముందుగదిలో పేలికల గోతానికి తల ఆనించి. నాకు మాత్రం కన్ను మూతపడలేదు. కడుపు మండిపోతోంది. ఈ మంట ఎవరితోనైనా చెప్పుకుంటే చులకనైపోతాను. అందుకని పుస్తకానికి చెప్తున్నాను.

పొద్దున ఒకావిడ వచ్చింది. కళ్ళకో జత అద్దాలు, మెడలో తాడుకి వేలాడుతూ ఇంకో జత. ఎన్ని కళ్ళు కావాలో ఆ మనిషికి! చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారట. మంచి బొంతలు కుట్టేవాళ్ళెవరని అడిగితే వీధి మొదట్లోనే మా ఇల్లు చూపించారట. చూపించరా మరి? ముప్ఫై రెండేళ్ళుగా జనం పాత బట్టలు మూటగట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్తున్నారు. పోయినవాళ్ళ చొక్కాలు, పిల్లలకి పట్టని గౌనులు, చిరిగిన పరదాలు. కత్తిరించి, అతికి, పొరలు వేసి బొంత చేసి ఇస్తాను. ఇంచికి పది కుట్లు. స్కేలు పెట్టి కొలుచుకోండని నేనే చెప్తాను.

ఐదు బొంతలు పరిచి చూపించాను. అద్దాలావిడ వంగి వంగి చూసింది. "చాలా శుభ్రంగా ఉన్నాయండీ" అంది. శుభ్రం! గిన్నెలు తోమినదాన్ని అనాల్సిన మాట.

వెళ్ళబోతూ గుమ్మం పక్కన ఆగిపోయింది. అక్కడ చిన్నదాని మంచం ఉంటుంది. మంచం మీద చెత్త బొంత.

చిన్నదంటే నా తోటికోడలు. మా మరిది పోయాక, పదకొండేళ్ళ కిందట, ఒక పెట్టె పట్టుకుని వచ్చింది. సూది పట్టడం నేనే నేర్పాను గానీ ఆ సంగతి బయట చెప్పుకోను. దాని కుట్లు చూస్తే వరసగా పోతున్న చీమలు దారిలో పోట్లాడుకున్నట్టు ఉంటాయి. ఆర్డర్లలో లోపలి పొరలు, కనపడని అతుకులు, అలాంటివే దానికి ఇస్తాను. అందరి బట్టలూ కత్తిరించగా మిగిలిన పేలికలు గోతంలో పడేస్తాం కదా, వాటితో రెండేళ్ళు కూర్చుని తనకోసం ఒక బొంత కుట్టుకుంది. గీత గీయలేదు, కొలత చూడలేదు. ఒక మూల ఇంకో మూలకి చుట్టమే కాదు. చెత్త బొంత అని నేనే పేరు పెట్టాను. చిన్నది కూడా నవ్వుకుంటూ అదే పేరుతో పిలుస్తుంది.

అద్దాలావిడ ఆ బొంత ముందు అరగంట నిలబడింది. మెడలో అద్దాలు తీసి పెట్టుకుంది, మళ్ళీ మార్చింది. "ఇది కళ అండీ" అంది చివరికి.

"మరి అవి?" అన్నాను బల్ల వైపు చూపిస్తూ. నా నోరు ఊరుకోదుగా.

"అవి పనితనం. గొప్ప పనితనం."

ఆ 'గొప్ప' నా మొహం చూసి తగిలించింది.

జూన్ 5

చెత్త బొంతని ప్రదర్శనలో గోడకి వేలాడదీస్తారట. కప్పుకోడానికి పనికిరాదు కాబట్టేగా గోడెక్కిస్తున్నది.

జూన్ 7

అద్దాలావిడ మళ్ళీ వచ్చింది. చెత్త బొంతలాంటివే ఇంకో ఆరు కావాలట. సగం దుప్పటంత చాలట. సెప్టెంబరు పదో తేదీకి వచ్చి చూస్తుంది. నచ్చితే ఒక గది గోడలన్నీ చిన్నదానివే. అక్కడితో అయిపోలేదు. వాళ్ళకో చేతిపనుల బడి ఉందట, అందులో నేర్పే ఉద్యోగం, ఉండటానికి గది. చిన్నది నోరు తెరుచుకుని విన్నది. నా దగ్గర సరిగ్గా నేర్చుకోని మనిషి ఊరికి నేర్పడానికి వెళ్తుంది! వినడానికే వింతగా ఉంది.

అద్దాలావిడని గేటు దాకా సాగనంపాను. అక్కడ నా చేయి పట్టుకుంది. "మీరు ఇంటికి పెద్దవారు. మీ ఒక్కరికే చెప్తున్నాను. ఆవిడ చేతిని ఎవరూ దిద్దకుండా చూడండి. దిద్దితే పోతుందది. మళ్ళీ రాదు."

"నేను చూసుకుంటానండీ" అన్నాను.

లోపలికి వచ్చేసరికి ఆయన కుర్చీ లాక్కుని ఆ బొంత ముందు కూర్చుని ఉన్నాడు. పేపరు ఒళ్ళో, కళ్ళు బొంత మీద. ముప్ఫై రెండేళ్ళుగా నేను కుట్టినవి కప్పుకుని గురక పెట్టడమే గానీ ఒక్కదాని ముందూ ఇలా కూర్చోలేదు.

"ఏముందని అంత చూస్తున్నారు?"

"ఏమో. చూస్తుంటే ఇంకా చూడాలనిపిస్తోంది" అన్నాడు.

ఇస్త్రీ పెట్టె బల్ల మీద గట్టిగానే పెట్టినట్టున్నాను. బల్లకి మచ్చ పడింది.

జూన్ 12

చిన్నది మొదటిది మొదలుపెట్టింది. మొదలుపెట్టడం అంటే గోతం నేల మీద బోర్లించి, మోకాళ్ళ దాకా పేలికల్లో కూర్చుని, ఒక్కోటీ తీసి మాట్లాడటం. "అక్కా, ఈ పచ్చది చూడు, దీన్ని వేసుకున్నమ్మ ఎవరితోనో దెబ్బలాడి ఉంటుంది, చంక దగ్గర చిరిగింది." "అక్కా, ఈ గళ్ళముక్కని ఈ చారలముక్క పక్కన పెడితే ఓర్చుకోలేకపోతోంది పాపం." దానికదే నవ్వు. పని చేస్తోందో ఆడుకుంటోందో అర్థం కాదు.

తిట్టాను. ఇది బొంతా, పిచ్చిగుడ్డా అన్నాను. మూల చూడవే, తాగినవాడి నడకలా ఉంది అన్నాను. దున్నపోతు మీద వాన. "నాకు నీలాగా ఎక్కడొస్తుందక్కా" అని మళ్ళీ నవ్వింది. పదకొండేళ్ళుగా ఇదే జవాబు.

పోయిన శీతాకాలం సంగతి ఇవాళ ఎందుకో గుర్తొచ్చింది. ఒకామె వాళ్ళాయన చొక్కాలు తెచ్చి ఇచ్చింది. ఆయన పోయి నెలే. ముక్కలు అతకవే అని చిన్నదాని చేతికిస్తే, ఒక చొక్కా జేబు కుట్టకుండా, జేబు జేబుగానే బొంతలో వదిలేసింది. నేను చూసి విప్పుదామనుకునే లోపు ఆమె వచ్చేసింది. బొంత అంతా తడిమి, ఆ జేబులో చెయ్యి పెట్టింది. పెట్టి అలాగే నిలబడిపోయింది. ఎంతసేపో. నేను కుట్టిన నాలుగు వైపులూ ఆమె చూడను కూడా లేదు.

జూన్ 21

చెత్త బొంతలో కుడివైపు కింద ఒక ఎర్రముక్క ఉంది. తెలివున్నవాళ్ళెవరూ అక్కడ ఎరుపు పెట్టరు. అరచేత్తో ఆ ముక్కని మూసి చూశాను. బొంత మొత్తం చప్పబడిపోయింది. చెయ్యి తీశాను. మళ్ళీ లేచి కూర్చుంది.

నాలుగుసార్లు చేసి చూశాను. రంగు దిగుతోందేమో అని, అంతే.

జూన్ 26

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. మార్కెట్టుకని చెప్పి వెళ్ళాను. కుడి బొటనవేలి కీలు వాచిందని తెలుసు, ఎడమది కూడా అదే దారిలో ఉందని ఇవాళ తెలిసింది. "సూదిపని మానెయ్యండమ్మా" అన్నాడు, చక్కెర మానెయ్యండి అన్నంత తేలిగ్గా. ఏడాది, మహా అయితే రెండేళ్ళు అన్నాడు.

ఇప్పుడే కొన్ని పూటలు సూది పట్టు దొరకడం లేదు. చిన్నదే సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. ఎందుకని అడగలేదు, కళ్ళు మందగించాయనుకుంది కాబోలు.

చిన్నది వెళ్ళిపోతే ఈ బల్ల దగ్గర ఎవరుంటారు? వెళ్తే వెళ్ళనీ. ఎవరాపారు? దాని బాగు కోరేవాళ్ళలో నేనే ముందుంటాను. ఊరికే అడుగుతున్నాను, ఎవరుంటారని.

జూలై 1

ఇవాళ ఒక వింత.

చిన్నదానికి ఆర్డరు బొంత అంచు ఇచ్చాను. వేలు నొప్పిగా ఉండి నేను సరిగ్గా చూడను కూడా లేదు. "అయిందక్కా" అని ఒళ్ళో పెట్టింది. పొరపాటున ఎలా వచ్చిందో, జానెడు మేర తిన్నగా ఉంది. "బాగుందే" అన్నాను, ఏదో పరధ్యానంలో.

దాని మొహం చూడాలి! చెంపలు ఎర్రబడ్డాయి. బొంత తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, ఆ జానెడూ వేలితో రాసుకుంటూ కూర్చుంది. సాయంత్రం దాకా ఇంకో రెండు జానలు అలాగే కుట్టింది, నాలుక బయటపెట్టి, బడిపిల్లలా. నవ్వలేదు, పేలికలతో మాట్లాడలేదు.

పదకొండేళ్ళు తిట్టాను, తొణకలేదు. ఒక్క 'బాగుంది'కి పడిపోయింది. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. ఎవరన్నారో గానీ, వాళ్ళకి వంచడం తెలియదు.

జూలై 3

ఇవాళ రెండుసార్లు అన్నాను.

జూలై 9

నా స్కేలు చిన్నదానికిచ్చాను. మా అమ్మ నాకిచ్చిన స్కేలు అది. ఒక డబ్బా సుద్దముక్కలు కూడా. చేతులు రెండూ చాచి తీసుకుంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది కూడాను.

"ప్రదర్శన అంటే నలుగురూ ముక్కు ఆనించి చూస్తారే. నిన్ను చూస్తే నన్ను చూసినట్టు. ముందు గీత గీసుకో, తర్వాత సూది పెట్టు."

"గీత గీస్తే నాకు భయమేస్తుందక్కా. దాటేస్తానేమో అని."

"దాటకపోతే బాగుంటుంది" అన్నాను.

మొదటిది అప్పటికి సగం అయింది, చేతికొచ్చినట్టు కుట్టిన సగం. దాన్ని ఎత్తి పట్టుకుని నా వైపు చూసింది. "ఇది కూడా విప్పి మళ్ళీ కుట్టనా?"

"నీ ఇష్టం."

విప్పింది. నేను విప్పమనలేదు. ఇదిగో, ఇక్కడ రాసి పెడుతున్నాను, నీ ఇష్టం అన్నాను.

ఆ సగంలో, మధ్యన, నాలుగు బూడిదరంగు ముక్కల నడుమ ఒక పసిపిల్ల గౌను కాలరు ఉండేది. కాలరు కాలరుగానే. విప్పాక అది గోతంలోకి పోయింది.

జూలై 20

"ఆ అమ్మాయి నవ్వడం మానేసిందేంటే?" అన్నాడు ఆయన.

"పని మీద శ్రద్ధ పెరిగింది."

"శ్రద్ధకి నవ్వుకి పడదా?"

ఈయనకి ఈ మధ్య మాటలు ఎక్కువయ్యాయి. పేపరు చదువుకోక.

జూలై 28

రెండు పూర్తయ్యాయి. నాలుగు మూలలూ మడిచి కలిపి చూశాను. కలిశాయి.

ఆగస్టు 2

ఇవాళ మూడోదాని అంచు నాలుగుసార్లు విప్పి కుట్టింది. ప్రతిసారీ తెచ్చి నా ముందు పెట్టి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. నేను స్కేలు పెట్టి చూశాను. "తొమ్మిదిన్నర" అన్నాను. వెళ్ళింది. వచ్చింది. "ఇక్కడ పది, ఇక్కడ తొమ్మిది." వెళ్ళింది. మూడోసారి పదే ఉంది. నిజానికి పదే. "ఊఁ" అని ఊరుకున్నాను. ఎందుకు ఊరుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తుంటే నాకే తెలియడం లేదు. దానికి మాత్రం ఆ 'ఊఁ' చాలింది. వెళ్ళి మొత్తం విప్పేసింది. నాలుగోసారి వేలికి సూది గుచ్చుకుని గుడ్డ మీద రక్తం పడింది, చల్లనీళ్ళతో కడుక్కుని మళ్ళీ కూర్చుంది.

నాలుగోసారి కుట్టింది చూసి "ఇది నేను కుట్టానంటే ఎవరైనా నమ్ముతారు" అన్నాను. అన్నం తినడానికి అప్పుడు లేచింది.

నేనేం తేనె పూసిన కత్తిని కాను. నాకు నేర్పినావిడ వేళ్ళ మీద స్కేలుతో కొట్టేది. నేను ఒక్క దెబ్బ కొట్టానా?

ఆగస్టు 11

ఇది రాయకూడదు. రాస్తాను.

ఆయనా చిన్నదీ గుడ్డలు ఇవ్వడానికి బయటికి వెళ్ళారు. తలుపు గడియ పెట్టుకున్నాను. గోతం నేల మీద బోర్లించాను. మధ్యలో కూర్చున్నాను, అది కూర్చున్నట్టే, కాళ్ళు చాపుకుని. ఎవరైనా చూస్తే ముసలిదానికి పిచ్చెక్కిందనుకుంటారు. సుద్ద లేదు, స్కేలు లేదు. చేతికొచ్చిన ముక్క తీశాను. నీలం. దాని పక్కన ఏం పెట్టాలో ఆ ముక్కనే అడగాలి కాబోలు. అడిగాను కూడా, బయటికే. సిగ్గేసింది.

రెండు గంటలు కుట్టాను. వేలు సలుపుతున్నా కుట్టాను. కావాలని వంకర పెట్టాను, కావాలని మూల తప్పించాను. తీరా ఎత్తి చూస్తే, ఒకే కొలత వంకర, వంకరకీ వంకరకీ మధ్య ఒకే దూరం. వంకర కూడా నాకు తిన్నగానే వచ్చింది.

పొయ్యిలో పెట్టాను. గుడ్డ కాలిన కంపు ఏమిటని వచ్చాక ఆయన అడిగితే ఇస్త్రీ అంటుకుందన్నాను.

అది అక్కడ కూర్చుని నవ్వేది కదా ఇన్నేళ్ళూ. ఆ నవ్వు ఎక్కడి నుంచి వచ్చేదో చూద్దామనుకున్నాను. ముప్ఫై రెండేళ్ళలో నేను సూది పట్టుకుని ఒక్కసారి నవ్వినట్టు గుర్తు లేదు. పని పూర్తయ్యాక సంతోషపడ్డాను, ఎవరైనా మెచ్చుకుంటే సంతోషపడ్డాను. కుడుతూ కుడుతూ మాత్రం ఎప్పుడూ లేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తర్వాత గోతం ఎత్తిపెట్టాను.

ఆగస్టు 12

నిన్న రాసింది చింపేద్దామనుకున్నాను. చింపితే వెనక పేజీ కూడా ఊడుతుంది.

ఆగస్టు 24

అద్దాలావిడ ఫోను చేసింది. ఎలా వస్తున్నాయని అడిగింది.

"ఎంత బాగా వస్తున్నాయో మీరే చూద్దురుగాని" అన్నాను.

"మీలాంటి పెద్దవాళ్ళు పక్కనుండటం ఆవిడ అదృష్టం" అంది. అవునన్నాను.

సెప్టెంబరు 6

ఆరూ అయ్యాయి. రేపటి నుంచి ఇస్త్రీ.

సెప్టెంబరు 10

వేళ్ళు వాచి పెన్ను పట్టు దొరకడం లేదు. అయినా ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

పదిన్నరకి అద్దాలావిడ వచ్చింది. ముందుగది గోడకి తాడు కట్టి ఆరింటినీ వరసగా వేలాడదీశాం. చిన్నది తల దువ్వుకుని, గోళ్ళు కత్తిరించుకుని, తలుపు పక్కన నిలబడింది. ఆవిడ నవ్వుతూ లోపలికి వచ్చింది. మొదటిది చూసింది. రెండోది చూసింది. నవ్వు ఎక్కడ ఆగిందో నేను చూశాను. మూడోదాని దగ్గర ఆగింది. నాలుగు, ఐదు, ఆరు తొందరగా చూసేసింది.

"ఇవి మీరే కుట్టారా?" అంది చిన్నదాన్ని.

"నేనేనండీ. అక్క దగ్గరుండి నేర్పించింది. ఇంచికి పది. కొలవండి కావాలంటే." స్కేలు అందించింది కూడా.

ఆవిడ స్కేలు తీసుకోలేదు. నా వైపు తిరిగింది. రెండు జతల అద్దాల్లోంచి నన్ను అలా చూసినవాళ్ళు ఇంతవరకూ లేరు. ఒక్క మాట అనలేదు. అనుంటే నేనూ నాలుగు అనేదాన్ని.

"చాలా కష్టపడ్డారమ్మా" అంది చిన్నదానితో. "ఇవి ఇంట్లో ఉంచుకోండి. ఆ మొదటిది, మంచం మీదది, అదొక్కటి చాలు నాకు. అదొక్కటే పెట్టినా మిమ్మల్ని బడిలోకి తీసుకోమని మావాళ్ళతో గట్టిగా చెప్తాను. రేపు పొద్దున వ్యాను పంపిస్తాను."

"అయ్యో, అది వద్దండీ! అది నేర్చుకోకముందు కుట్టింది. పరువు తక్కువ."

"ఒక్క కుట్టు కూడా ముట్టుకోకండి. నాకు మాటివ్వండి."

చిన్నది నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. మాటివ్వకుండానే ఆవిడని పంపించేశాం.

ఆవిడ వీధి మలుపు తిరగలేదు, చిన్నది మంచం మీది బొంత తెచ్చి బల్ల మీద పరిచేసింది. "రేపటిలోపు అయిపోతుందక్కా, ఇద్దరం కూర్చుంటే. ఇలాంటిది నలుగురికీ చూపిస్తే నిన్నేమనుకుంటారు?" అంటూ కత్తెర తీసింది.

ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆ మనిషి అరవడం పెళ్ళయ్యాక రెండోసారి విన్నాను. "దాన్ని ముట్టుకోకమ్మాయ్! నీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకు!"

చిన్నది బెదిరిపోయింది. కత్తెర పట్టుకునే నా దగ్గరికి వచ్చింది. "బావగారికి కుట్టు సంగతి ఏం తెలుసు. నువ్వు చెప్పక్కా. నువ్వు చెప్తే ఉంచేస్తాను. బాగుందా అది?"

రెండు నెలల పైనుంచీ ఆ మాట రోజూ విసిరాను, పావురాలకి గింజలు వేసినట్టు. బాగుందే, బాగుందే. ఇవాళ ఒక్కసారి అంటే చాలు. ఆ బొంత ఉండిపోతుంది. వ్యాను ఎక్కుతుంది. వెనకాలే చిన్నదీ వెళ్తుంది, బడికి, తన గదికి. ఇక్కడ నేనూ, నా వేళ్ళూ.

ఆయన నన్నే చూస్తున్నాడు.

అది బాగుంటుంది. ఎంత బాగుంటుందో ఈ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆయనకి చూడాలనిపిస్తుందంతే, ఎందుకో తెలియదు. అద్దాలావిడ పేరు పెట్టగలదు, కుట్టడం తెలియదు. చిన్నదానికి కుట్టడం వచ్చు, తనేం కుట్టిందో తెలియదు. ఆ ఎరుపు అక్కడ ఎందుకుందో, ఆ వంకరలు ఎక్కడికి తీసుకెళ్తాయో అన్నీ చూసినదాన్ని నేను. అలాంటిది నా జన్మలో కుట్టలేనని తెలిసినదాన్ని కూడా నేనే.

"వంకరే" అన్నాను.

అంతే. ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. చిన్నది బల్ల ముందు కూర్చుంది. నేను రెండో వైపు పట్టుకున్నాను, విప్పేటప్పుడు గుడ్డ చిరగకూడదు కదా. మూడింటికల్లా పేలికలు పేలికలుగా అయిపోయింది. చిన్నది వాటిని రంగుల వారీగా కుప్పలు పెట్టి, అంచులు సమంగా కత్తిరించి, సుద్దతో గీతలు గీస్తోంది.

సెప్టెంబరు 11

వ్యాను వచ్చింది. ఖాళీగా వెళ్ళింది.

సెప్టెంబరు 13

ఆయన నాతో మాట్లాడటం లేదు. కంచం తోసేసి లేస్తున్నాడు. చిన్నది మాత్రం బాగానే ఉంది. "పోనీలే అక్కా, నేను వెళ్తే నీకు దారం ఎవరెక్కిస్తారు? నీ వేళ్ళ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. ఆవిడ అప్పుడే రమ్మన్నా నేను వెళ్ళేదాన్ని కాదు. నువ్వు వెళ్ళమన్నా వెళ్ళేదాన్ని కాదు" అంది, కూరగాయలు తరుగుతూ.

వెళ్ళేది కాదట. బొంత ఉండేది, తనూ ఉండేది. నేను నోరు మూసుకుని కూర్చున్నా రెండూ ఉండేవి.

ఇది వినకుండా ఉండాల్సింది.

సెప్టెంబరు 14

చెప్పేశాను. పొద్దున బల్ల దగ్గర చెప్పేశాను. "ఆ పాత బొంత చాలా బాగుండేదే. నేను అబద్ధం చెప్పాను. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు."

చిన్నది నవ్వింది, ఎన్నాళ్ళకో. "నేను బాధపడుతున్నానని అంటున్నావు కదూ? నువ్వెంత మంచిదానివక్కా!" అని నా చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, వాపు ఉన్న చోట నూనె రాసింది.

ఒట్టేశాను. "చాల్లే అక్కా" అంది.

సెప్టెంబరు 22

ఎనిమిది రోజులుగా ఆలోచించి ఇవాళ అడిగాను.

పొద్దున్నే బల్ల మీద నుంచి సుద్ద తీసేశాను. స్కేలు బీరువాలో పెట్టి తాళం వేశాను. గోతం తెచ్చి నేనే బోర్లించాను. "నాకోసం ఒకటి కుట్టవే. గీత వద్దు, కొలత వద్దు. ఇదివరకు కుట్టేదానివి కదా, అలా. నువ్వు నాకేం కుట్టిచ్చినా కప్పుకుంటాను. నన్ను అడగొద్దు, నాకు చూపించొద్దు, నేను వంటగదిలో ఉంటాను."

"అలాగే అక్కా" అంది. నా మాట ఎప్పుడు కాదంది గనక? పేలికల మధ్య కూర్చుంది. ఆయన పేపరు పక్కన పెట్టి చూస్తున్నాడు. ఇన్నాళ్ళకి నా వైపు కూడా ఒకసారి చూశాడు.

వంటగదిలో ఒక్క పనీ చేయలేదు. చెవులు ముందుగదిలోనే పెట్టుకుని నిలబడ్డాను. ఏ ముక్కతోనైనా ఒక మాట అంటుందేమో అని. గంటయింది. రెండు గంటలయింది. గోడ గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

చివరికి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో దారం ఎక్కించిన సూది, ఇంకో చేతిలో ఒక నీలం ముక్క. రెండు గంటల్లో ఒక్క కుట్టు పడలేదు. నుదుటి మీద చెమట. ఏదో తప్పు చేసినదానిలా మొహం పెట్టి అడిగింది.

"ఎక్కడ మొదలుపెట్టాలక్కా?"

నాకేం తెలుసు! నాకే తెలిస్తే ఆ గోతం ముందు కూర్చుని ఏడుస్తానా? నాకు తెలియదే, నీకే తెలిసేది, అది నేనే తీసేశాను అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. దాని కళ్ళు నా నోటినే చూస్తున్నాయి, ఏం చెప్తే అది చేసేద్దామని.

"ఎడమవైపు మూల నుంచి" అన్నాను.

హమ్మయ్య అనుకుంది. బయటికే అనుకుంది, విన్నాను. వెళ్ళి ఎడమవైపు మూల నుంచి మొదలుపెట్టింది.